ఎన్నారై సందేహాలు: క్రిస్మస్ సెలవుల్లో మావాడు ఒక్కడే ఉంటాడంట

మొన్న ఒంగోలులో అమ్మావాళ్లింట్లో దిగిన రెండో రోజే పక్కింటి వదిన వచ్చి కూర్చుంది. వాళ్ల అబ్బాయి సెప్టెంబరులో మా బర్మింగ్‌హామ్‌కే వచ్చాడు. పదకొండు నెలల ఇంగ్లీషు కోర్సు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. కాగితం మీద ఉన్నది చదివి అర్థం చేసుకుంటాడు కానీ, ఎదుటి మనిషి మాట్లాడితే అందదు, తను మాట్లాడబోతే నోరు పెగలదు. వదిన బాధ ఇది: "డిసెంబరు ఇరవై నుంచి కాలేజీ మూసేస్తారంట. రూములో పిల్లలంతా వాళ్ల చుట్టాల ఇళ్లకి పోతున్నారు. పదిహేను రోజులు వీడొక్కడే ఏం చేస్తాడమ్మా? ఏదన్నా పని చూసుకుంటానంటున్నాడు. చేసుకోమందునా?"

ఏటా ఈ రోజుల్లో నెల్లూరు నుంచో కావలి నుంచో కనిగిరి నుంచో ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. అందుకని వదినకి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పని సంగతి. వద్దు వదినా, ఆ ఆలోచనే వద్దు. ఉత్త ఇంగ్లీషు కోర్సుకని ఆరు నుంచి పదకొండు నెలలకి ఇచ్చే వీసా మీద పార్ట్ టైమ్ కూడా చెయ్యడానికి వీల్లేదు. డిగ్రీ, మాస్టర్స్ చదివే పిల్లలకి రూలు వేరు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చు. అయితే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవులో యూనివర్సిటీ చెప్పాలి, మనం అనుకుంటే కాదు. ఆ తేదీలు రాతపూర్వకంగా చూసుకున్నాకే పనికి ఒప్పుకోవాలి. డిసెంబరులో గోడౌన్లకీ హోటళ్లకీ మనుషులు బాగా కావాలి. "క్యాష్ చేతికిస్తాం, ఎవరికీ తెలియదులే" అని చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. నా మొదటి ఏడాదిలో మేమున్న ఇంట్లోనే ఒక అబ్బాయి అలా మూడు వారాలు గిన్నెలు కడిగాడు. ఒక్క వారం డబ్బులే చేతికొచ్చాయి. మిగతావి అడిగితే, ఎక్కడ చెప్పుకుంటావో చెప్పుకో అన్నాడు ఓనరు. వాడు ఎక్కడ చెప్పుకోగలడు? లక్షలు పోసి తెచ్చుకున్న వీసాని ఆ గిన్నెల దగ్గర పెట్టకూడదు.

మరి ఏం చేస్తాడంటే, ఇంగ్లీషు నేర్చుకుంటాడు. మూడు నెలల క్లాసుల్లో రాని మాట ఈ ఒక్క నెలలో వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

మన ఒంగోలుకి క్రిస్మస్ కొత్తేం కాదు. డిసెంబరు వచ్చిందంటే మేడల మీద స్టార్లు వెలుగుతాయి. రాత్రి పదకొండింటికి గిటారూ డప్పూ పట్టుకుని కేరల్స్ వాళ్లు వీధిలోకి వస్తారు. పండగనాడు పక్కింటి నుంచి కేకూ గులాబీ పువ్వులూ పళ్లెంలో వస్తాయి. ఎవరి పండగైనా మనకి వీధిలోకి వస్తుంది. బ్రిటన్‌లో 24 సాయంత్రం దాకా పండగ బయటే ఉంటుంది, ఆ తర్వాత ఇళ్లలోకి వెళ్లి తలుపులేసుకుంటుంది. 25 మధ్యాహ్నం మా వీధిలో నిలబడితే కారు చప్పుడు కూడా వినపడదు. ఆ రోజు రైళ్లు నడవవు, బస్సులు దాదాపు ఉండవు. పెద్ద షాపులు క్రిస్మస్ నాడు తెరవకూడదని ఇంగ్లండు, వేల్స్‌లకి 2004లో చట్టమే చేశారు. సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఇవేవీ తెలియని పిల్లలు ఆ రోజు బయటికొచ్చి, మూసిన షట్టర్లు చూసి, తిరిగి రూముకెళ్లి దుప్పటి కప్పుకుని ఏడుస్తారు. అందుకని 24 మధ్యాహ్నానికల్లా మూడు రోజులకి సరిపడా బియ్యం, పాలు, కూరగాయలు ఇంట్లో ఉండాలి. అంతకంటే ముఖ్యం, 25న ఏదో ఒక ఇంటి తలుపు వాడి కోసం తెరిచి ఉండేలా ముందే చూసుకోవాలి. అదెలాగో చెప్తాను.

డిసెంబరు మొదటివారం నుంచి కాలేజీలో, కొట్లో, లైబ్రరీలో, అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "వాట్ ఆర్ యూ డూయింగ్ ఫర్ క్రిస్మస్?" మన పిల్లలు "నథింగ్" అని తల దించుకుంటారు. ఆ మాటతో సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. దాని బదులు, "నేను ఇక్కడే ఉంటున్నాను, ఇంగ్లండులో క్రిస్మస్ ఎలా చేసుకుంటారో నేనెప్పుడూ చూడలేదు" అని రెండు వాక్యాలు ఇంగ్లీషులో తయారు చేసిపెట్టుకోవాలి. ఇది అడుక్కోవడం కాదు, ఉన్న మాట చెప్పడం. మొదటిసారి తడబడతాడు, ఐదోసారి పర్వాలేదనిపిస్తుంది, ఇరవయ్యోసారి చెప్పేటప్పటికి ఆ మాట వాడిదైపోతుంది. ఇంతమంది ఒకే ప్రశ్న ఓపికగా అడిగే నెల ఏడాదిలో ఇంకోటి లేదు. ఆ ఇరవై మందిలో ఎవరో ఒకరు "అయితే మా ఇంటికి రా" అంటారు. చాలా యూనివర్సిటీల్లో, చర్చిల్లో ఇంటికి వెళ్లలేని విద్యార్థులకి ఆ రోజు భోజనం పెడతారు. పేరు ముందే ఇవ్వాలి. రిసెప్షన్‌లో అడిగితే చెప్తారు, ఆ అడగడం కూడా ఇంగ్లీషే కదా.

ఇక్కడే మన మొహమాటం అడ్డొస్తుంది. మనింట్లో ఎవరైనా "భోంచేసి వెళ్లండి" అంటే "వద్దులెండి" అంటాం. వాళ్లు మళ్లీ అడుగుతారు, మూడోసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. అక్కడ ఒక్కసారే అడుగుతారు. మనం నో అంటే అది నిజమైన నో అనుకుని, మనల్ని ఇబ్బంది పెట్టకూడదని గౌరవంగా ఊరుకుంటారు. నా మొదటి డిసెంబరులో ఎదురింటి పెద్దావిడ రోడ్డు దాటొచ్చి క్రిస్మస్ డిన్నర్‌కి పిలిచింది. నేను "నో నో, ఇట్స్ ఓకే" అన్నాను, ఇంకోసారి అడుగుతుందనే నమ్మకంతో. "ఆల్‌రైట్, బాబ్" అని వెళ్లిపోయింది. బాబ్ అంటే పేరు కాదు, బర్మింగ్‌హామ్ వాళ్లు ఆప్యాయంగా అనే మాట, మన "అమ్మాయ్" లాగా. ఆ 25న ఎదురింటి కిటికీలో దీపాలు చూస్తూ పెరుగన్నం, ఆవకాయ తిన్నాను.

మరుసటి ఏడు మళ్లీ పిలిచింది. వెంటనే యెస్ అన్నాను. కానీ డిన్నర్ అంటే రాత్రి భోజనమనుకుని టైమ్ అడగలేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆవిడే ఏప్రన్‌తో రోడ్డు దాటి వచ్చింది. వంటంతా చల్లారిపోతోంది, అందరూ నా కోసం కూర్చున్నారు. క్రిస్మస్ డిన్నర్ తినేది మధ్యాహ్నమే. మా బర్మింగ్‌హామ్ వైపు చాలామందికి "టీ" అంటే సాయంత్రం భోజనం. కాబట్టి యెస్ అన్న వెంటనే అడగాల్సినవి రెండు: ఎన్నింటికి రావాలి, బస్సుల్లేని రోజు ఎలా రావాలి. తినని వస్తువులు కూడా అప్పుడే చెప్పాలి, పళ్లెం ముందు కూర్చున్నాక కాదు. పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ అంటే బేకన్ చుట్టిన పంది మాంసం సాసేజ్. మిన్స్ పైలో మాంసం ఉండదు, ఎండుద్రాక్షా మసాలాలే. కానీ కొన్నింటిలో, క్రిస్మస్ పుడ్డింగ్‌లో కూడా, ఆవు కొవ్వు వేస్తారు. వెజిటేరియన్ అని రాసి ఉంటే ఆ కొవ్వు ఉండదు. వైన్ ఇస్తే "నో థాంక్స్, ఐ డోంట్ డ్రింక్" చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

భోజనానికి ముందు క్రాకర్లు లాగుతారు. మన టపాకాయ కాదు, రంగు కాగితం చుట్టిన గొట్టం. 1840ల్లో లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ మొదలుపెట్టాడు. చెరో చివరా పట్టుకుని లాగితే టప్‌మంటుంది. లోపల కాగితం కిరీటం, ఒక చిన్న వస్తువు, ఒక జోకు. కిరీటం పెట్టుకుని కూర్చోవాలి, జోకు పైకి చదవాలి. అందులో ఒకటి: సాంటా దగ్గర పనిచేసే ఎల్ఫ్‌లు బడిలో ఏం నేర్చుకుంటారు? ఎల్ఫాబెట్. ఆల్ఫబెట్ అనే మాటని విరిచారు. అర్థం కాకపోతే నవ్వినట్టు నటించొద్దు, "ఎక్స్‌ప్లెయిన్ చేస్తారా" అని అడగాలి. టేబుల్ చుట్టూ ఉన్న ఎనిమిది మందీ పోటీపడి, నిదానంగా, విడమరిచి చెప్తారు. డబ్బు కట్టినా దొరకని క్లాసు అది.

మూడు గంటలకి టీవీలో రాజుగారి ప్రసంగం వస్తుంది. 1932లో అయిదో జార్జి రేడియోలో మొదలుపెట్టాడు, 1957 నుంచి టీవీలో వస్తోంది. పది నిమిషాల లోపే, స్పష్టమైన నిదానమైన ఇంగ్లీషు. మర్నాడు దాని పాఠం చూస్తూ మళ్లీ వింటే చెవి తెరుచుకుంటుంది.

అంతకుముందు మూడు వారాలూ వృథా పోనివ్వొద్దు. నవంబరు నుంచి క్రిస్మస్ దాకా బర్మింగ్‌హామ్ నడుమ జర్మన్ పద్ధతిలో ఫ్రాంక్‌ఫర్ట్ క్రిస్మస్ మార్కెట్ ఉంటుంది. ఏమీ కొనక్కర్లేదు, నడిస్తే చాలు. చర్చిల్లో కేరల్స్ ఉచితం, పాటల కాగితం చేతికిస్తారు, అందరితో కలిసి పాడితే ఉచ్చారణ దానంతటదే సర్దుకుంటుంది. మతం మారమని కాదు, పాటకి రమ్మనే పిలుపు. డబ్బులుంటే ఒక్క టికెట్ మాత్రం పాంటోమైమ్‌కి కొనమంటాను. పేరు చూసి మూకాభినయం అనుకుంటారు, కాదు, పండగ రోజుల్లో వేసే హాస్య నాటకం. విలన్ వెనక నుంచి వస్తుంటే హాలంతా "హీ ఈజ్ బిహైండ్ యూ!" అని అరుస్తుంది. స్టేజీ మీద వాడు "ఓ నో ఇట్ ఈజంట్" అంటే, "ఓ యెస్ ఇట్ ఈజ్" అని మనం అరవాలి. హరికథలో దాసుగారు "శ్రీమద్రమారమణ" అనగానే మనం "గోవిందో హరి" అనమూ? అదే పద్ధతి. వెయ్యి గొంతుల్లో మన యాస ఎవరికీ వినపడదు. నోరు తెరవడానికి భయపడే పిల్లవాడికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

"ఈ వయసులో వాడికి నోరు తిరుగుతుందా?" అని అడిగింది వదిన. మన ఊళ్లో క్లౌ ఆసుపత్రి ఎవరి పేరు మీద ఉంది? ఆ క్లౌ దొర, బాప్టిస్టు మిషనరీ, 1865లో అమెరికా నుంచి నెల్లూరు వచ్చినప్పుడు ఇరవై ఎనిమిదేళ్లవాడు, తెలుగు రాదు. అక్కడ నేర్చుకుని మరుసటి ఏడు ఒంగోలుకి వచ్చాడు, మన పల్లెల్లో జనంతో వాళ్ల భాషలోనే మాట్లాడాడు. వదిన కొడుక్కి ఇరవై మూడే.

భోజనానికి వెళ్లేటప్పుడు ఖరీదైన కానుకలు అక్కర్లేదు. చాక్లెట్ డబ్బా చాలు. ఇంటి నుంచి తెచ్చుకున్న వేటపాలెం జీడిపప్పు ఉంటే ఇంకా మంచిది, కానీ వాళ్లలో ఎవరికైనా నట్స్ అలర్జీ ఉందేమో ముందు అడగాలి. ఇంటి తిండి గురించి చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. తప్పకుండా అడుగుతారు. పోయినేడు మా ఇంటికి వచ్చే ఒక నెల్లూరు అమ్మాయి ఇలాగే భోజనానికి వెళ్లి, చేపల పులుసు ఎలా చేస్తారో చెప్తూ చింతపండు దగ్గర ఆగిపోయిందట. ఇంగ్లీషు మాట తెలియదు. పుల్లగా, గోధుమరంగులో, కాయలో గింజలతో ఉంటుందని చేతులతో చూపించింది. ఆ ఇంటి పెద్దావిడ కాసేపు ఆలోచించి, బీరువా తెరిచి, వూస్టర్ సాస్ సీసా తెచ్చి, వెనక చీటీ మీద వేలు పెట్టింది: టామరిండ్. ఆ పైనే చేపలు కూడా రాసి ఉన్నాయి. చింతపండూ చేపలూ రెండూ, మా బర్మింగ్‌హామ్‌కి గంట దూరంలో ఉన్న వూస్టర్ ఊరి పేరు పెట్టుకున్న సీసాలో. "మీరు కూడా పులుసు పెడతారన్నమాట" అని ఆ అమ్మాయి అంటే ఇల్లంతా నవ్విందట. టామరిండ్ అనే మాట ఆ పిల్ల ఇక జన్మలో మర్చిపోదు.

వచ్చాక రెండు వాక్యాల థాంక్యూ కార్డు, చేత్తో రాసి పంపాలి. పదిహేను ఇరవై రోజుల్లో మన సంక్రాంతి వస్తుంది. వాళ్లని పొంగలికి పిలవాలి. మనలాగా మూడుసార్లు కాదు, తేదీ, టైమ్ చెప్పి ఒక్కసారి.

వదినకి చివరిగా ఒక మాట చెప్పి లేచాను. మన టైమ్ వాళ్లకంటే ఐదున్నర గంటలు ముందు. 25న ఒంగోలులో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా అబ్బాయికి ఫోన్ చెయ్యొద్దు వదినా. వాడు భోజనం దగ్గర ఉంటాడు.