2024లో అమెరికా బేస్‌బాల్ టీమ్ షికాగో వైట్ సాక్స్ అంత ఘోరంగా ఎందుకు ఓడింది?

162 మ్యాచ్‌లాడి 41 గెలిచారు, 121 పోగొట్టుకున్నారు. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో, అంటే అక్కడి టాప్ బేస్‌బాల్ లీగ్‌లో, ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడినోళ్లు లేరు, 1962లో న్యూయార్క్ మెట్స్ కూడా 120 దగ్గరే ఆగింది.

నన్నడిగితే దెబ్బ సీజన్ మొదలవ్వకముందే పడింది, మార్చిలో మంచి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) డిలన్ సీస్‌ని శాన్ డియేగో పాడ్రేస్‌కి ట్రేడ్ చేసేశారు, అతనేమో జులైలో అక్కడ నో హిట్టర్ వేశాడు, అంటే మ్యాచ్ మొత్తంలో అవతలోళ్లకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదన్నమాట, కడుపు మండదా మరి! ఇక బ్యాటింగ్ అయితే సీజనంతా కలిపి 507 పరుగులు, 30 టీముల్లో అట్టడుగు. మొదటి 25 మ్యాచ్‌ల్లో 3 గెలిచారు, జులై 10 నుంచి ఆగస్ట్ 5 దాకా వరసగా 21 ఓడారు, ఆ స్ట్రీక్ తెగిన రెండ్రోజులకే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని పీకేశారు, ఏం లాభం, ఆడేవాళ్లు వాళ్లే కదా. పిచ్చర్ గారెట్ క్రోషే ఒక్కడే కాస్త పరువు నిలబెట్టాడు, లీగ్‌లో మేటి ఆటగాళ్లు ఆడే ఆల్ స్టార్ మ్యాచ్‌కి వెళ్లాడు.

తమాషా ఏంటంటే, 120 ఓడాక సొంత గ్రౌండ్‌లో ఏంజెల్స్ టీమ్ మీద ఆడిన మూడూ గెలిచారు! తర్వాత సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో 121వది ఓడారు, అదే రాత్రి అదే గ్రౌండ్‌లో ఆ ఊరి టీమ్ టైగర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లామని గంతులేస్తున్నారు.