గుడ్లలో నరాలు చూడబోయే మా పాపకి

పాపా, నువ్వు ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరతా ఉండావని, అదీ క్యాన్సర్ గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టనీకుండా చేసే మందుల మీదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలా, సగం సంతోషం సగం భయం అనుకో. నెల నెలా నా షుగర్ కంట్లో వేసే సూది కూడా ఆ జాతిదే కదా, కొత్త రక్తనాళాలు మొలవమని చెప్పే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ని పట్టేసేది.

నీ మందు రక్తనాళాల్ని, అదే మనం నరాలు అంటామే, వాటిని ఆపుతాదా లేదా అని పిండం పెరిగే కోడిగుడ్లలోనే కదా చూడబోయేది. ఆ గుడ్లు అంగట్లో కొనబాక, అవి పుంజు లేని ఫారం గుడ్లు, పిండం ఉండదు. చిత్తూరులో హ్యాచరీ కాడ అడిగి తెచ్చుకో. 37.5 డిగ్రీలు, తేమ, ఇదంతా సీనియర్లు చెప్తారులే.

నేను చేసిన ఎదవ పని మాత్రం పూర్తిగా విను. అప్పట్లో నేనూ ఒక ఆకుని ఆల్కహాల్‌లో నానబెట్టి రసం తీసి, గుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోసి, ఎనిమిదో రోజు లోపలి పొర మీద ఒక చుక్క వేసినా. రెండ్రోజులకి టేపు పీకి చూస్తే, చింతకొమ్మ మాదిరి అల్లుకోని ఉండాల్సిన ఎర్ర నరాలు చుక్క చుట్టూ పాలిపోయి ఉండాయి. ఇంకేముంది, ల్యాబంతా మైసూర్‌పాక్ పంచినా, సెమినార్లో పోస్టర్ కూడా పెట్టేసినా. ఒక పెద్దాయన వచ్చి నిదానంగా చూసి, "ఉత్త ఆల్కహాల్ వేసిన గుడ్డు ఏదబ్బా?" అన్నాడు. లేదు. వెనక్కొచ్చి వేసి చూస్తే అదీ అట్లే పాలిపోయింది. ఇంకా సిగ్గు ఏందంటే, సగం గుడ్లలో పిండం గుండె ఎప్పుడో ఆగిపోయి ఉండాది, నేను చూడనే లా. పిండం చచ్చినాక నరాలు ఎండక ఏం చేస్తాయి, దాన్ని నా మందు గొప్ప అనుకున్నా! కాబట్టి మొదట గుండె చూడు, తర్వాతే నరాలు లెక్కపెట్టు. పైగా నీ మందు బెవాసిజుమాబ్ అనే మందు మాదిరి వీఈజీఎఫ్‌నే పట్టుకుంటాదా, సునిటినిబ్ అనే ఇంకో మందు మాదిరి, వీఈజీఎఫ్ వచ్చి తగులుకునే రిసెప్టార్‌ని కణం లోపలి వైపు ఆపుతాదా అనేది గుడ్డు చెప్పదు, దానికి వేరే టెస్టులు చెయ్యాల.

ఇంకోటి. పోల్చడానికి థాలిడోమైడ్ వాడమంటే గ్లౌజులు లేకుండా ముట్టబాక. 1961కి ముందు కడుపుతో ఉండేవాళ్లు వాంతులకని అది మింగితే వేల మంది బిడ్డలు కాళ్లు చేతులు సరిగా లేకుండా పుట్టినారు, అది కొత్త రక్తనాళాల్ని ఆపుతాదని 1994లో అమెరికాలో జూడా ఫోక్‌మన్ అనే డాక్టరు ల్యాబులో చూపించినారు. పెళ్లయి ఆరు నెల్లు కూడా కాలా నీకు. మీ అత్తని చెప్పమంటే సిగ్గుపడతా ఉండాది, అందుకే నేనే రాస్తా ఉండా. విశేషం ఏమన్నా ఉంటే మొదట మీ గైడుకి చెప్పు, మాకు తర్వాత చెప్పినా కోప్పడం.

గుడ్ల ట్రే బస్సులో కింద పెట్టబాక, ఒళ్లో పెట్టుకో. బరువైతే ఫోన్ చెయ్, తిరుపతి బస్టాండుకి నేనొస్తా. ఒక కన్ను బాగానే కనిపిస్తాది.

మీ మామ