చెవి ఉన్నట్టుండి దిబ్బడేస్తే చుక్కల మందుతో రోజులు గడపొద్దు

ప్రశ్న: నా వయసు 46. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపులో 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. చెవిలో చచ్చిపోయిన కణాలను మళ్లీ మొలిపించే ఇంజెక్షన్లు, జీన్ థెరపీ వస్తున్నాయని చదివాను. అవి విశాఖలో ఎప్పటికి దొరుకుతాయి? ఖర్చు ఎంత? నాకు షుగర్ ఉంది. పది రోజుల కిందట నిద్ర లేచేసరికి ఎడమ చెవి దిబ్బడేసింది, గుయ్‌మని ఒకటే మోత. గులిమి అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేస్తున్నాను, తగ్గలేదు. మా అమ్మకు కూడా వయసులో ఉన్నప్పుడు టీబీ సూదులు వేయించుకున్నాక చెవుడు వచ్చింది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు అడిగింది పరిశోధనల గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం మధ్యలో రెండు ముక్కల్లో రాసి వదిలేసిన ఆ ఎడమ చెవి సంగతి. కాబట్టి ముందు అదే చెప్తాను. ఈ జవాబు చదివిన రోజే, వీలైతే ఆ పూటే, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. పెదవాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి అయినా సరే, ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో కొలిచే పరీక్ష) తీసే ప్రైవేటు క్లినిక్ ఏదైనా సరే.

చెవి చూడకుండా ఫలానా జబ్బని నేను తేల్చలేను. గులిమే కావచ్చు, జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరి ఉండొచ్చు. కానీ తెల్లారేసరికి ఒక్క చెవే పోయి, దాంతోపాటు మోత కూడా మొదలైందంటే, సడన్ హియరింగ్ లాస్ (లోపలి చెవో నరమో దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పోవడం) కాదని రుజువయ్యే దాకా అదే అనుకుని నడుచుకోవాలి. మూడు రోజుల్లోపు, పరీక్షలో వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో (శబ్దపు స్థాయిల్లో, సన్నటి గొంతు నుంచి బొంగురు గొంతు దాకా) కనీసం 30 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) వినికిడి పడిపోతే ఆ పేరు పెడతాం. చాలామందిలో కారణం దొరకదు. వైరస్‌ను అనుమానిస్తాం, రక్తప్రసారాన్ని అనుమానిస్తాం. లోపలి చెవికి రక్తం తెచ్చేది ఒకే ఒక్క సన్నటి ధమని, అది మూసుకుపోతే వేరే దారి లేదు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో నా భయం అందుకే.

నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని కాసేపు అనండి. శబ్దం దిబ్బడేసిన చెవి వైపు గట్టిగా వినిపిస్తే అడ్డు బయటో మధ్య చెవిలోనో ఉండొచ్చు. బాగున్న చెవి వైపు వినిపిస్తే దెబ్బ లోపలి చెవికో నరానికో తగిలిందనుకోవాలి. ఇది సూచన మాత్రమే. ఫలితం ఎలా వచ్చినా ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు.

సడన్ హియరింగ్ లాస్‌కు ఇచ్చేది స్టెరాయిడ్, అంటే వాపు తగ్గించే మందు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే ఫలితానికి ఎక్కువ అవకాశం. మీకు అప్పుడే పది రోజులయ్యాయి, ఈ జవాబు అచ్చయ్యేసరికి ఇంకొన్ని పోతాయి. మాత్రలతో షుగర్ పెరుగుతుంది కనుక మీకు కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి ఇంజెక్షన్ ఇవ్వడం మేలని డాక్టర్ అనుకోవచ్చు. రెండు వారాలు దాటినా, ఆరు వారాల్లోపు దానితో కొందరికి కొంత తిరిగొస్తుంది. అందరికీ వస్తుందని మాటివ్వలేను. తర్వాత నరం మీద గడ్డ లేదని నిర్ధారించుకోవడానికి ఎంఆర్ఐ రాస్తారు. స్టెరాయిడ్ పేరు చెప్పాను కదా అని మెడికల్ షాపులో అడిగి మింగొద్దు. దీంతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా, నిలబడలేనంతగా కళ్లు తిరిగినా ఓపీకి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

చుక్కల మందు గురించి గట్టిగానే చెప్పాలి. చెవిలోకి చూడనివాళ్లు చెవి మందు ఎలా ఇస్తారు? మీరెలా వేసుకున్నారు? కర్ణభేరికి చిల్లు ఉంటే జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ చుక్కలు లోపలి చెవికే చేటు చేయవచ్చు. చిల్లు లేకపోయినా ఆ సీసా మీ పది రోజులు తినేసింది. వేడి నూనె, వెల్లుల్లి నూనె, పిన్నీసు కూడా ఇంతే. ఏమీ చేయకపోయినా కొందరికి దానంతటదే తగ్గుతుంది. వాళ్లను చూసి మిగతావాళ్లు ఇంట్లో కూర్చుంటారు, నెల తర్వాత నా దగ్గరికి వస్తారు. అప్పటికి నేను చేయగలిగింది చాలా తక్కువ. కన్ను ఒక్కసారిగా మసకేస్తే పది రోజులు ఆగరు కదా!

అమ్మగారి విషయం రాసి మంచి పని చేశారు. టీబీకి వేసే స్ట్రెప్టోమైసిన్, అదే కోవకు చెందిన జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు ఎవరికైనా లోపలి చెవిని దెబ్బతీయగలవు. కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యు మార్పు ఒకటి ఉంటుందని 1993లో తేలింది. అది ఉన్నవాళ్లకు మామూలు డోసుతోనే చెవుడు రావచ్చు. మీ ఇంట్లో అది ఉందని నేననడం లేదు. అయినా మీరు, మీ తోబుట్టువులు, మీ అక్కచెల్లెళ్ల పిల్లలు ఎక్కడ ఇంజెక్షన్ వేయించుకున్నా, ముఖ్యంగా ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి, ఈ సంగతి ముందే చెప్పండి.

ఇక మీరడిగింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కాక్లియా అనే భాగంలో, మీరన్న ఆ కణాలు (హెయిర్ సెల్స్) ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. మనిషిలో పోయినవి మళ్లీ రావు. పక్షుల్లో వస్తాయని 1980ల చివర్లో కనిపెట్టాకే ఈ పరిశోధనలకు ఊపొచ్చింది. వినికిడి తిరిగి తెస్తుందని ఆశపెట్టుకున్న ఒక ఇంజెక్షన్ 2021 ట్రయల్‌లో ఉత్తుత్తి మందు కంటే మెరుగని తేలలేదు. 2024లో చైనా నుంచి వచ్చిన జీన్ థెరపీ ఫలితాలు నిజంగా సంతోషించదగ్గవే. ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చింది. అయితే అది ఓటోఫెర్లిన్ అనే ఒక్క జన్యువు లోపంతో పుట్టినవాళ్లకు. పని చోటి మోతకో, షుగర్‌కో దెబ్బతిన్న చెవికి అది పనికిరాదు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

మీ పని గురించి కూడా ఒక మాట. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు హద్దు, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. గ్రైండింగ్ దగ్గర ఆ మోత మామూలే. ఆడియోగ్రామ్ బాగానే వచ్చినా, కణానికీ నరానికీ మధ్య లంకెలు శాశ్వతంగా తెగిపోవచ్చని 2009లో ఎలుకల మీద చూపించారు. దూది చాలదు, సరైన ఇయర్ మఫ్‌లు కావాలి. ఎడమ చెవి సంగతి తేలే దాకా షాపుకు సెలవు పెట్టండి, కావలసిన చీటీ మీ ఈఎన్‌టీ డాక్టరే రాసిస్తారు. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులు, వాడుతున్న మందులు, ఆ చుక్కల సీసా వెంట తీసుకెళ్లండి.