బీకాం చదివిన అమ్మాయి పరిశోధనాత్మక జర్నలిస్టు అవుతానంటే

నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి రాశారు: "సార్, మా అమ్మాయి బీకాం ఫైనలియర్. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వద్దంటోంది. పేపర్లోనూ ఛానల్లోనూ ఉద్యోగం చేయదట, సొంతంగా పరిశోధనాత్మక జర్నలిస్టు అవుతుందట. అసలు ఇదొక కెరీరేనా? డబ్బులు ఎవరిస్తారు? ఆడపిల్ల కదా, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పేయమంటారా?"

వద్దని చెప్పకండి. "సొంతంగా" అన్న మాటను మాత్రం నాలుగైదేళ్లు వాయిదా వేసుకోమనండి.

ఈ పనిలో ఎక్కువ సమయం కాగితాలు చదవడానికే పోతుంది. ఇచ్చినవాళ్ల పేరు బయటికి తెలియకుండా పార్టీలకు విరాళాలిచ్చేందుకు పెట్టిన ఎలక్టోరల్ బాండ్ల సంగతే చూడండి. 2018 ఏప్రిల్‌లో పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. అతినీలలోహిత కాంతి కింద పెడితే, మామూలు కంటికి కనిపించని నంబరు బయటపడింది. మరుసటి ఏడాది నవంబరులో నితిన్ సేఠీ అనే జర్నలిస్టు ఈ బాండ్ల మీద వరుస కథనాలు రాశారు. వాటికి ఆధారమైన ఫైళ్లను రిటైర్డ్ నేవీ అధికారి లోకేశ్ బత్రా ఆర్టీఐ కింద ఓపిగ్గా సంపాదించారు. ఈ పథకం వద్దని రిజర్వ్ బ్యాంకు 2017 జనవరి 30నే ప్రభుత్వానికి రాసిన విషయం అలా లోకానికి తెలిసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 21న బాండ్ల నంబర్లు బయటికొచ్చాక, ఎవరి డబ్బు ఏ పార్టీకి చేరిందో జత కలిసింది. మొదటి కథనం నుంచి అక్కడిదాకా ఆరేళ్లు పట్టింది. అన్నాళ్లు ఒక విషయాన్ని వదలకుండా పట్టుకునే ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నదే నేను మొదట చూసేది.

ఆ ఓపిక ఉంటే ఆమె బీకాం చాలా విలువైనది. జర్నలిజంలోకి వచ్చేవాళ్లలో రాయగలిగేవాళ్లు చాలామంది ఉంటారు కానీ, బ్యాలెన్స్ షీటు చదవగలిగేవాళ్లు తక్కువ. కంపెనీల వ్యవహారాల శాఖ పోర్టల్లో వంద రూపాయలు కడితే ఒక కంపెనీ డైరెక్టర్లు, వాటాదారులు, అప్పులు, తాకట్ల కాగితాలన్నీ చూడొచ్చు. ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాల్సిందే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవడం ఎవరైనా నేర్పితే వచ్చేది కాదు, లెక్కలు అలవాటైతే వస్తుంది. అందుకే, చాలామందికి వింతగా అనిపించినా, డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఆడిటర్ ఆఫీసులో పనిచేయమంటాను. ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలోనో జర్నలిజం చదవొచ్చు. అది కాగానే ఏదైనా పత్రిక డెస్కులో రెండేళ్లు తప్పకుండా పనిచేయాలి. రాసిన ప్రతి వాక్యానికీ "దీనికి కాగితం ఏది?" అని అడిగే ఒక ఎడిటర్ కింద నలగకపోతే ఈ పని రాదు.

మొన్నామధ్య నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి ఆర్టీఐ దరఖాస్తు రాసుకొచ్చాడు. "మా మండలంలో సీసీ రోడ్లలో అవినీతి జరిగిందా?" అన్నది అందులో ప్రశ్న. దానికి జవాబు రాదు. ఆర్టీఐ కింద రికార్డు అడగాలే తప్ప అభిప్రాయం అడగకూడదు. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఫలానా వీధి రోడ్డు అంచనా పత్రం, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ పని నమోదైన పేజీల నకలు, చెల్లించిన బిల్లు, ఈ మూడే అడిగాం. మండల స్థాయికి ఫీజు 5 రూపాయలు. ముప్పై రోజుల్లో రావాల్సిన జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాకే కాగితాలు చేతికొచ్చాయి. ఎం-బుక్‌లో వెడల్పు నాలుగు మీటర్లని ఉంది. అబ్బాయి టేపు పట్టుకెళ్లి పదిచోట్ల కొలిస్తే ఎక్కడా మూడు దాటలేదు. అప్పుడే రాసేస్తానని పరిగెత్తుకొచ్చాడు. ముందు ఆ పని చూసిన ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని) అడగమన్నాను. రోడ్డుకి అటూ ఇటూ పోసిన మట్టి కూడా కలిపి నాలుగని ఆయన జవాబిచ్చారు. అబ్బాయి మళ్లీ అంచనా పత్రం తీశాడు. అందులో మట్టి పనికి వేరే పద్దు ఉంది, దాని బిల్లు కూడా వేరేగానే ఉంది. ఏఈ మాటనీ ఆ పద్దునీ పక్కపక్కన పెట్టి రాసిన వార్త జిల్లా పేజీలో చిన్నగా వచ్చింది. ఎవరూ కాదనలేకపోయారు.

ఇక డబ్బు. ఇక్కడ మీ భయం నిజమైనదే. సొంతంగా రాసేవాళ్లకి కథనానికి ఇంత అని ఇస్తారు, అదీ అచ్చయిన కొన్ని నెలలకి. ఒక్కో పరిశోధనకు మూడు నెలలు పడుతుంది. ఫెలోషిప్పులు ఉన్నాయి కానీ వాయిదాల్లో వస్తాయి, ప్రతి ఏడాదీ వస్తాయన్న భరోసా లేదు. కాబట్టి పక్కన ఇంకో ఆదాయం ఉండాలి. అనువాదం, డేటా పని, ఫ్యాక్ట్ చెకింగ్, ఏదైనా సరే. ఇల్లు గడవక ఇబ్బంది పడే మనిషిని ప్రకటన ఇస్తామనో, కవరు చేతిలో పెట్టో లొంగదీసుకోవడం తేలిక. జీతం లేకుండా, అచ్చయిన వార్త పొడవును బట్టి డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మీద పనిచేసే మన మండల విలేకర్ల కష్టం మీరు చూసే ఉంటారు.

భద్రత గురించి మీకు అబద్ధం చెప్పలేను. మన పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే స్వతంత్ర జర్నలిస్టు నాసిరకం రోడ్డు పని గురించి వార్త చేశాడు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు, 3న సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. ప్రధాన నిందితుణ్ని పోలీసులు పట్టుకున్నది మన హైదరాబాద్‌లోనే. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నా, తొలి కథనాలు ఒంటరిగా చేయొద్దు. ఫీల్డుకి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నదీ ఒకరికి చెప్పాలి. కాగితాల కాపీ ఇంకొకరి దగ్గర ఉండాలి. ప్రచురణ కూడా సొంత యూట్యూబ్ ఛానల్లో కాకుండా, లాయర్ ఉన్న సంస్థ ద్వారానే జరగాలి. పరువు నష్టం కేసు పడితే, ఇప్పటి న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. ప్రజల మేలు కోసం నిజం రాస్తే అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఆ సంగతి కోర్టులో రుజువయ్యేదాకా తిరిగే ఖర్చు ఎవరు భరిస్తారన్నది ముందే తేలాలి.

బ్యాంకు కోచింగ్ గొడవ ఈ ఆరు నెలలు పక్కన పెట్టండి. మీ మండలంలో ఉపాధి హామీ పనుల లెక్కల్ని ఊరివాళ్ల ముందే సరిచూసే సామాజిక తనిఖీ ఎప్పుడుందో ఎంపీడీవో ఆఫీసులో కనుక్కోండి. చివరి రోజు జరిగే ప్రజావేదికకి ఇద్దరూ కలిసి వెళ్లండి. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో ఉన్న పేర్లు మైకులో చదువుతుంటే, "నేను ఆ పనికి పోలేదు సారూ" అని కూలీలు లేచి నిలబడి చెబుతారు. సాయంత్రం దాకా కూర్చోండి. ఇంటికొచ్చాక అమ్మాయి తన నోట్‌బుక్‌లో ఏం రాసుకుందో అడిగి చూసి, నాకు మళ్లీ రాయండి.