వాజ్‌లు ఎక్కువయ్యాయి తమ్ముడూ

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ పాత్ర భలే కుదిరింది, కానీ మొదటి పేజీలోనే 14 చోట్ల వాజ్, వర్ పక్కన ఐఎన్‌జీ కనబడేసరికి పెన్సిలు తీయక తప్పలేదు.

'ఎవ్రీ సమ్మర్ వుయ్ వర్ గోయింగ్ టు అమ్మమ్మాస్ హౌస్' అని రాశావు. నీ చెవిలో మోగింది 'వెళ్తుండేవాళ్లం' అనే మన మాట. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను, ఎవరూ చెప్పలేదు మరి. 'వెళ్తుండేవాళ్లం' అంటే అలవాటు. దానికి ఇంగ్లీషులో 'యూజ్డ్ టు గో', లేదంటే ఉత్త 'వెంట్' చాలు. వాజ్ ఈటింగ్‌కి మన దగ్గర సరిపోయేది 'నేను వెళ్లేసరికి తింటున్నాడు' అనే వాక్యం. చూడ్డానికి వర్తమానంలా ఉంటుంది కానీ పని చేసేది అదే. అనుమానం వస్తే తెలుగులో అనుకుని చూడు: 'వెళ్లేసరికి... తున్నాడు' కుదిరితే వాజ్ పెట్టు, 'తుండేవాడు' వస్తే తీసెయ్.

ఇక గొడవపడి వెళ్లిపోయిన మావయ్య ఇన్నేళ్లకు గుమ్మంలోకి వచ్చే సీను. 'వెన్ హి కేమ్, అమ్మమ్మ మేడ్ టీ' అన్నావు. అంటే మనిషిని చూశాకే గిన్నె పొయ్యి మీద పెట్టింది, ఇంటికొచ్చినవాడికి చేసే మర్యాద, అంతే. అదే 'వాజ్ మేకింగ్ టీ' అని ఉంటే? అతను చెప్పులు విప్పేసరికే టీ మరుగుతోంది, ఆవిడకి సాయంత్రం టీ అలవాటా, లేక వస్తాడని ముందే తెలుసా అని పాఠకుడు ఆగిపోతాడు. 14 చోట్ల అక్కర్లేకుండా వాడి, కావాల్సిన ఈ ఒక్కచోట వదిలేశావు చూడు!

'షి వాజ్ నోయింగ్ ఎవ్రీథింగ్' కొట్టేశాను, 'న్యూ' అని రాయి. తెలియడం, నమ్మడం చెప్పే నో, బిలీవ్ లాంటి క్రియలకి మామూలుగా ఐఎన్‌జీ తగిలించరు. హ్యావ్‌తోనే కాస్త తిరకాసు: ఇద్దరు అన్నలుంటే 'హ్యాడ్', అన్నం తింటూ ఉంటే 'వాజ్ హ్యావింగ్ లంచ్' బాగానే ఉంటుంది.

మిగతావి తర్వాత చూద్దాం, ముందు ఆ టీ సీను తిరగరాసి పంపు. మావయ్య ఆ టీ తాగాడో లేదో కూడా నువ్వు రాయలేదు.