రసీదు లేకుండా ఇచ్చిన టులిప్ వాజ్ తిరిగి వస్తుందా?

ప్రశ్న: మా తాతగారు కలకత్తాలో ఓ దొరగారి ఇంటి సామాను వేలంలో కొన్న నీలం, తెలుపు డచ్చి టులిప్ వాజ్ అది. అడుగున ‘ఏకే’ అన్న గుర్తు ఉంటుంది. వెల కట్టించమని ఐదేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక పాత వస్తువుల వ్యాపారికి ఇచ్చాను. రసీదు తీసుకోలేదు. నాయనమ్మకి అదంటే ప్రాణం, పోయేముందు కూడా అడిగింది. అక్క పెళ్లి ఫొటోలో వాజ్ కనిపిస్తుంది, పువ్వు గుచ్చే ఒక కొమ్ముకి ఉన్న పెచ్చుతో సహా. అది చేతికొస్తే సూట్‌కేసులో పట్టుకెళ్లి ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేయిస్తానని మా బావమరిది అంటున్నాడు. తిరిగి ఇమ్మంటే ఆ వ్యాపారి ‘నాకు అమ్మేశారుగా, ఇవ్వను’ అని వాట్సాప్‌లో పెట్టి రెండేళ్ల పది నెలలైంది. ఏం చేయాలి?

– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో కేసు తేల్చే మాట చిట్టచివర దాక్కుంది. ఇచ్చి ఐదేళ్లయిందన్న లెక్క అక్కర్లేదు. నమ్మి అప్పగించిన వస్తువును రాబట్టే దావాకి 1963 కాలపరిమితి చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం, మీరు అడిగాక అవతలివాడు ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు గడువు. ఆ తేదీ మీ ఫోన్‌లోనే ఉంది. అంటే మిగిలింది రెండు నెలలు! నోటీసు పంపినా, పోలీసు కేసు పెట్టినా ఆ గడువు ఆగదు. దావా వేయాల్సిందే.

ఆ మెసేజే మీకు సాక్ష్యం కూడా. వాజ్ తన చేతికి వచ్చిందని అతనే ఒప్పుకున్నాడు. కొన్నానంటున్నాడు కాబట్టి, డబ్బు ఎప్పుడు ఎంత ఇచ్చాడో అతనే చూపించుకోవాలి. ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోను మార్చకండి. పచారీ కొట్టువాడు కూడా చీటీ రాసిస్తాడు, మీరు అంత వస్తువు ఉత్తచేతుల్లో పెట్టి వచ్చారు!

ఇక అతని దగ్గరున్నది మీదేనని ఎలా చెబుతారు? ‘ఏకే’ అనేది హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో ‘గ్రీక్ ఏ’ కర్మాగారం నడిపిన అడ్రియానస్ కోక్స్ గుర్తు. ఇంగ్లండ్ రాణి రెండో మేరీ హాంప్టన్ కోర్టు రాజభవనానికి వాజ్‌లు చేయించుకుంది అక్కడే. అంత పేరుంది కాబట్టే తర్వాతి నకళ్ల మీదా ఆ గుర్తు వేశారు. మీకు పనికొచ్చేది గుర్తు కాదు, పెచ్చు. డెల్ఫ్ట్ సరుకు పింగాణీ కాదు, మట్టి మీద తగరం కలిపిన తెల్లపూత. పువ్వు గుచ్చే కొమ్ము అంచు చిట్లితే లోపలి మట్టి బయటపడుతుంది. ఏ వాజ్ పెచ్చు దానిదే. పెళ్లి ఫొటో నెగెటివ్ వెతకండి.

దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద వాజ్ అమ్మకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), దాన్ని తనిఖీ చేసి భద్రపరిచే ఉత్తర్వు అడగండి. అది మాయమైతే బదులుగా సొమ్ము రావాలి కనుక విలువ కూడా వేయండి. తాతగారి మిగతా వారసులనూ పార్టీలుగా చేర్చండి.

సూట్‌కేసు మాట మాత్రం మళ్లీ ఎత్తకండి. నాయనమ్మ ప్రాణంగా చూసుకున్నదాన్ని అమ్ముకోవడం మీ ఇష్టం, దేశం దాటించడం నేరం. 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన, చారిత్రక ఆసక్తి ఉన్న కళాఖండం పురావస్తువే. ఏ దేశంలో తయారైందన్న మినహాయింపు అందులో లేదు. ఎగుమతి చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ వాజ్ వందేళ్లు నిండని నకలేనని తేలితే పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే సంస్థ (ఏఎస్ఐ) నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుని పంపొచ్చు. వందేళ్లు దాటినదైతే ఇక్కడే అమ్ముకోండి, ఈసారి రసీదు తీసుకుని.