బాప్తిస్మం తీసుకున్న మేనల్లుడికి

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బాప్తిస్మం తీసుకున్న వారంలో ఉన్న ఆనందం ఇప్పుడు లేదనీ, హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక ప్రార్థనకు మోకరిస్తే మనసు నిలవడం లేదనీ, శిష్యుడిగా ఎలా సాగాలో చెప్పమనీ అడిగావు. నాకు తెలిసింది, నేను తప్పిన చోటుతో సహా, దాచకుండా రాస్తున్నాను.

ముందుగా నిన్ను ఒక మాట అడగాలి, అల్లుడూ. నీకు ఉద్యోగం వచ్చిన నెలలోనే నువ్వు బాప్తిస్మం తీసుకున్నావు. ఉద్యోగం వస్తే బాప్తిస్మం తీసుకుంటానని మొక్కుకునే పిల్లలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. నీది అటువంటి మొక్కో కాదో నాకు తెలియదు, నీకు తెలుసు. మొక్కే అయితే, అది తీరిపోయింది కనుక ఆనందం కూడా తీరిపోయి ఉంటుంది. అందుకు సిగ్గుపడవద్దు గానీ, ఇప్పుడు మొక్కు లేకుండా, ఏమీ అడగకుండా, ప్రభువు వెంట నడవాలని ఉన్నదా అని మళ్ళీ మొదటినుంచి నిన్ను నువ్వు ప్రశ్నించుకో.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో చాలా పాతది. 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చినప్పుడు, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే పనిని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. సాయంత్రాలు బోధకులు ఆ కూలీలకు సువార్త చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు, ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చే విశ్వాసం గింజలు అయిపోగానే పోతుందని ఆయన భయం. ఏడాదికి పైగా ఆపి, సహాయం ముగిసిన తరువాత కూడా జనం తగ్గకుండా వచ్చి, మాకు డబ్బు అక్కర్లేదు, బాప్తిస్మం కావాలని పట్టుబడితే, అప్పుడు ఒప్పుకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ, ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంఖ్యను మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సంఖ్య కంటే, దానికి ముందు ఆయన ఆపి ఉంచిన నెలలే ఎక్కువ విలువైనవిగా కనబడతాయి. చేతిలో ఏమీ పెట్టని రోజుల్లో కూడా వారు వెనక్కి పోలేదు. నీకు ఇప్పుడు వచ్చిన రోజులు అటువంటివే అనుకో.

సిలువ ఎత్తుకొని వెంబడించమన్న మాట మత్తయిలో, మార్కులో, లూకాలో కూడా ఉంది. కానీ లూకా 9:23లో మాత్రమే 'ప్రతిదినము' అనే మాట ఉంది. ఆ ఒక్క మాట మీద నువ్వు కొన్నాళ్ళు నిలబడు. శిష్యత్వం పెద్ద మైదానంలో, పెద్ద స్వరంతో జరిగేది కాదు. గదిలో వంట వంతు నీది కాని రోజున కూడా గిన్నెలు కడగడం, ఆఫీసులో ఆలస్యానికి అబద్ధపు కారణం చెప్పకుండా ఉన్నది చెప్పడం, ఇవే ప్రతిదినము దొరికే సిలువలు.

వాక్యం విషయంలో, మార్కు సువార్తతో మొదలుపెట్టు. పదహారే అధ్యాయాలు. పాత అనువాదంలోని గ్రాంథికం కష్టమనిపిస్తే వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకో, తప్పేమీ లేదు. అధ్యాయాలు లెక్కపెట్టవద్దు. ఒక సంఘటన చదివి, ఈ రోజు నేను చేయవలసింది ఇందులో ఏమున్నదని ఒక్క వాక్యం నోటుబుక్కులో రాసుకుని, రాత్రి పడుకునే ముందు చేశావో లేదో చూసుకో. చేయనిది మరునాడు మళ్ళీ చదువు. మనసు నిలవనప్పుడు కొత్త మాటల కోసం వెదకకుండా పరలోక ప్రార్థనను మెల్లగా, ఒక్కొక్క మాట దగ్గర ఆగుతూ చెప్పుకో. నేను నా భార్యను సమాధి చేసిన ఏడాదంతా అదే ప్రార్థనతో గడిపాను.

సంఘం గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోనులో ప్రసంగాలు విని ఆదివారాన్ని ముగించవద్దు. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారున్న చిన్న సంఘం ఒకటి నీ గదికి దగ్గరలో చూసుకుని, అక్కడ మైకు అడగకుండా చాపలు పరిచే పని అడుగు.

ఇక నేను తప్పిన చోటు. మీ తాతయ్య పోయాక పొలం పంచుకున్నప్పుడు, గట్టు దగ్గర నాకూ మీ చిన్న మామయ్యకూ మాటామాటా పెరిగింది. తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ తొమ్మిదేళ్ళూ నేను సంఘ పెద్దనే. ప్రభు బల్ల రోజున రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసలో వెళుతుంటే, వాడు చివరి చాప మీద తల వంచుకుని, రొట్టె తీసుకోకుండా పళ్ళాన్ని దాటనిచ్చేవాడు. వాడి హృదయం కఠినమైందనుకునేవాడిని. ఒక శనివారం సాయంత్రం మత్తయి 5:23, 24 వచనాల మీద వాక్యం సిద్ధపరుస్తుండగా, ఎన్నోసార్లు చదివిన ఆ మాటను మొదటిసారి చూశాను. నీకు నీ సహోదరుని మీద కోపముంటే అని అక్కడ లేదు. నీ మీద అతనికి విరోధముంటే, కానుక అక్కడే విడిచి, నువ్వే వెళ్ళాలని ఉంది. న్యాయం ఎవరిదో తేలిన తరువాత వెళ్ళమని కూడా లేదు.

టార్చిలైటు పట్టుకుని వెళ్ళాను. వాడు గేదెకు మేత వేస్తున్నాడు. తప్పు నాదిరా అన్నాను. ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేశాడు. గట్టు ఎక్కడున్నదో అక్కడే ఉంది, మామూలుగా మాట్లాడుకోవడానికి మరో ఏడాది పట్టింది. కానీ తరువాతి నెల ప్రభు బల్లలో పళ్ళెం వాడి దగ్గర ఆగింది.

మీ అన్నయ్య పెళ్ళి అప్పు విషయంలో నువ్వు అన్న మాటకు అతను ఇంకా బాధపడుతున్నాడని మీ అమ్మ చెప్పింది. ప్రార్థనలో మనసు నిలవకపోవడానికి అదొక్కటే కారణమని నేననను. అయినా ఈ ఆదివారం కానుక వేసే ముందు అతనికి ఫోను చెయ్యి. మాట్లాడిన తరువాత నాకూ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ప్రభువునందు,
నీ మామయ్య